మాన్ దారెన్ కాదు, మంత్రి అని ఆయనకి ఎలా చెప్పను?

ప్రశ్న: మాది తెనాలి దగ్గర పల్లె. సింగపూర్ వచ్చి పదకొండేళ్ళయింది. మా బ్లాకులోనే, చైనా నుంచి కొత్తగా వచ్చిన ఆరుగురికి శని, ఆదివారాలు ఇంగ్లీషు నేర్పుతున్నాను. అందరిలోకీ పెద్దాయన షాన్‌డోంగ్‌లో బడిపంతులుగా చేసి, రిటైరై కొడుకు దగ్గరికి వచ్చారు. అందరూ ఆయన్ని లావోషీ, అంటే గురువుగారూ అని పిలుస్తారు. నేనూ అలాగే పిలుస్తాను.

పోయిన వారం పాఠంలో ‘మాండరిన్’ అన్న మాట వచ్చింది. ఒకావిడ అడిగింది: ‘మా భాషని మేము పుతోంగ్‌హ్వా అంటాం. ఇక్కడివాళ్ళు హ్వాయూ అంటారు. మరి ఇంగ్లీషులో ఈ మాండరిన్ ఎక్కడిది?’ నేను నోరు తెరిచేలోపే లావోషీ లేచి బోర్డు మీద మూడు అక్షరాలు రాశారు. ‘మాన్ దారెన్’. మంచూ దొరవారు అని అర్థమట. తెల్లవాళ్ళు ఆ మాట విని మాండరిన్ చేసుకున్నారట. అందరూ తలలూపారు.

నేనెక్కడో చదివింది వేరు. అది మన ‘మంత్రి’ అని. చెప్పలేకపోయాను. చెబితే ‘అన్నీ మా దగ్గర్నుంచే’ అని గొప్పలు పోయినట్టుంటుంది. పైగా పెద్దాయన్ని పదిమందిలో తప్పుపట్టినట్టు. చెప్పకపోతే తప్పు నేర్పిన పాపం నాది. ఏది నిజం? నిజమే అయితే ఎలా చెప్పను? కొత్త సంవత్సరానికి వాళ్ళింటికి రమ్మని కూడా పిలిచారు.

– ఒక పంతులమ్మ, సింగపూర్

జవాబు:

అమ్మా,

మీరు చదివిందే నిజం. ఇంగ్లీషు మాండరిన్‌కి మూలం సంస్కృతంలోని మంత్రి శబ్దమే. లావోషీ బోర్డు మీద రాసిన కథని చైనాలో ఎంతోమంది నమ్ముతారు. వినడానికి ముచ్చటగా ఉంటుంది. కానీ తారీఖుల ముందు నిలవదు. ఎందుకు నిలవదో ముందు చెబుతాను. ఆయనకి ఎలా చెప్పాలన్న మీ ప్రశ్నకి దారి కూడా అందులోనే దొరుకుతుంది.

ఈ మాట మన తీరంలో ఓడెక్కి తిన్నగా చైనాలో దిగలేదు. మధ్యలో ఒక మజిలీ ఉంది. అది మీరున్న చోటికి బస్సులో ఒక పూట దూరం: మలక్కా. పదిహేనో శతాబ్దంలో అక్కడ సుల్తానుల రాజ్యం ఉండేది. ఆ కొలువులో పెద్ద ఉద్యోగి బెండహార, నౌకాసేనకి అధిపతి లక్సమాన. మొదటిదాంట్లో మన భాండారం, రెండోదాంట్లో మన లక్ష్మణుడు కనిపిస్తున్నారు కదా! రాజుకి సలహా చెప్పే ఉద్యోగుల్ని ‘మెంతెరి’ అనేవారు. ఇప్పటికీ అంటారు. మలయ్ వార్తలు ఒక్క ఐదు నిమిషాలు వినండి, ప్రధానమంత్రిని ‘పెర్దాన మెంతెరి’ అంటారు. మొదటిసారి నా చెవిన పడ్డప్పుడు, తెలుగు రాని మనిషి నోట తెలుగు విన్నట్టే అనిపించింది.

1511లో పోర్చుగీసువాళ్ళు అల్బుకెర్క్ నాయకత్వంలో మలక్కాని పట్టుకున్నారు. అక్కడి రేవులో వ్యాపారం నడిచేది మలయ్‌లో. గుజరాతీలు, తమిళులు, జావావాళ్ళు, చైనావాళ్ళు ఒకరితో ఒకరు బేరమాడుకునేదీ ఆ భాషలోనే. కొత్తగా వచ్చిన పోర్చుగీసువాళ్ళూ దాన్నే పట్టుకున్నారు. తూర్పు దేశాల్లో ఎక్కడ ఏ రాజోద్యోగి కనిపించినా మెంతెరి అనడం వాళ్ళకి అలవాటైపోయింది.

అయితే వాళ్ళ నోట్లో ఆ మాట రూపు మారింది. పోర్చుగీసులో ఆజ్ఞాపించడాన్ని ‘మందార్’ అంటారు. అధికారి అంటే ఆజ్ఞలిచ్చేవాడే కాబట్టి తెలియని మెంతెరి తెలిసిన మందార్ వైపు ఒరిగింది. త కాస్తా ద అయింది. చివర ముక్కుతో పలికే అలవాటు ఒకటి చేరి ‘మందరిం’ అయింది. ఇక్కడొక చిన్న సంగతి. సంస్కృతంలో ఈ మాట అసలు రూపం ‘మంత్రిన్’. మాండరిన్ చివర ఉన్న నకారం దానిదేనని కొందరు సంబరపడతారు. ఆ నకారం మలయ్‌లో లేనే లేదు. పోర్చుగీసువాళ్ళు చేర్చింది వేరే ముక్కు. రెండూ కాకతాళీయంగా ఒకలా కనిపిస్తున్నాయి. క్లాసులో ఎవరైనా తెలివైనవాళ్ళు అడిగితే మీరు తడుముకోకూడదని చెబుతున్నాను.

ఇక తారీఖులు. మలక్కాలో ఉన్న తోమే పిరేష్ అనే పోర్చుగీసు మందుల వ్యాపారిని వాళ్ళ రాజు తరఫున రాయబారిగా చైనా పంపారు. 1517లో ఆ బృందం ఇప్పటి గ్వాంగ్‌జౌ రేవులో దిగింది. రాయబారం బెడిసికొట్టింది. మనుషుల్ని జైల్లో పెట్టారు. ఆ ఖైదీల్లో ఇద్దరు రాసిన ఉత్తరాలు ఎలాగో బయటికి వచ్చాయి. 1524 ప్రాంతంలో రాసినవని పండితుల లెక్క. తమని పట్టుకున్న చైనా అధికారుల్ని ఆ ఉత్తరాల్లో వాళ్ళు పిలిచింది మాండరిన్లనే. అరవై ఏళ్ళ తరవాత, 1580ల చివరికి, ఈ మాట ఇంగ్లీషులోకీ వచ్చేసింది.

మరి ఈశాన్యం నుంచి వచ్చి చైనాని ఏలిన మంచూలు? వాళ్ళు బీజింగ్‌లో అడుగుపెట్టింది 1644లో. అసలు ‘మంచూ’ అన్న పేరే అంతకు కొద్దికాలం ముందుదాకా వాళ్ళకి స్థిరపడలేదు. వాళ్ళని జుర్చెన్లు అనేవారు. హోంగ్ తైజీ అనే వాళ్ళ రాజు తన జనానికి ఇకనుంచి మంచూ అన్న పేరే ఉండాలని 1635లో శాసించాడు. అంటే పోర్చుగీసు ఖైదీలు జైల్లో కూచుని ‘మాండరిన్’ అని రాసేనాటికి లావోషీ కథలోని ‘మాన్’ పుట్టడానికి ఇంకా వందేళ్ళ పైన ఉంది. ‘దారెన్’ మాత్రం నిజమైన మాటే. పెద్దమనిషి, దొరవారు అని అధికారుల్ని మర్యాదగా పిలిచేవారు. మాన్, దా, రెన్ అని మూడు ముక్కలూ ఇంత చక్కగా అతుకుతుంటే ఎవరికైనా నమ్మబుద్ధేస్తుంది. ఆయన నమ్మడంలో వింతేం లేదు.

ఇంకో మాట కూడా ఆయనకి చెప్పండి, మనసు కుదుటపడుతుంది. మత్తేయో రిచీ అని ఇటలీ నుంచి వెళ్ళిన జెసూట్ పాదిరీ. 1583 నుంచి 1610లో చనిపోయేదాకా చైనాలోనే ఉన్నాడు. చైనా భాషలో పుస్తకాలు రాశాడు. చైనా చదువుకున్నవాళ్ళందరికీ ఆయన పేరు తెలుసు, లావోషీకి తప్పకుండా తెలిసి ఉంటుంది. అంతటివాడు కూడా ఈ మాట పోర్చుగీసు ‘ఆజ్ఞాపించు’ నుంచి వచ్చిందేమోనని అనుకున్నాడు. ఆ మాట వాడుతున్న మనుషుల మధ్యనే బతుకుతూ పొరబడ్డాడు. మాట పుట్టుక దాన్ని వాడేవాళ్ళకి తెలియకపోవడం ఎప్పుడూ ఉండేదే.

ఇప్పుడు మీ భయం సంగతి. మంత్రి అని చెబితే గొప్పలు పోయినట్టుంటుందని రాశారు. ఆ జంకు మీకుండడం నాకు నచ్చింది. వాట్సాప్‌లో ‘నావిగేషన్ మన నవగతి నుంచి వచ్చింది’ అని తిరుగుతుంటుంది, మీరూ చూసే ఉంటారు. అది లాటిన్ మాట. ఓడకి లాటిన్‌లో ‘నావిస్’, సంస్కృతంలో ‘నౌ’. ఆ రెండూ అక్కచెల్లెళ్ళు, ఒకదానికి ఒకటి పుట్టలేదు. ఇలాంటివి మోసి మోసి మనవాళ్ళ మాటకి విలువ పోయింది. అందుకే నిజమైన సంగతి చెప్పడానికి కూడా మీరు జంకాల్సి వచ్చింది. నాకు దాని మీద బాధ ఉంది.

కానీ ఈ మాట విషయంలో గొప్ప పోవడానికి చోటే లేదు. ఎందుకంటే ‘మంత్రి’ తెలుగు మాట కాదు. మనమూ సంస్కృతం నుంచి ఎరువు తెచ్చుకున్నదే. మలయ్‌వాళ్ళు మెంతెరి అన్నట్టే, థాయ్‌వాళ్ళు ‘మొంత్రీ’ అన్నట్టే మనం మంత్రి అంటున్నాం. అప్పు పుచ్చుకున్న నలుగురిలో మనం ఒకళ్ళం. కాబట్టి ఆయనతో ‘ఇది మా మాట’ అనకండి. ‘ఇది మా భాషలోకీ వచ్చింది, మీ భాష పేరులోకీ వచ్చింది’ అనండి. రెండోదే నిజం కూడా.

మంత్రి అంటే మంత్రం ఉన్నవాడు. ఇక్కడ మంత్రం అంటే ఆలోచన, రహస్యంగా చెప్పే సలహా. మంత్రాలోచన అంటాం కదా, ఆ అర్థం. దానికి ధాతువు ‘మన్’, తలచడం. మనసూ, మననమూ అక్కడివే. ఇంగ్లీషు ‘మైండ్’ కూడా ఎక్కడో పాత తరాల్లో ఆ ఇంటి చుట్టమే. మీ విద్యార్థులకి ఇది చెప్పి తీరాలి. మాండరిన్ అన్నది ఆలోచన చెప్పేవాడి పేరు. దండం పట్టుకుని ఆజ్ఞలిచ్చేవాడి రూపం పోర్చుగీసువాళ్ళు తరవాత తొడిగింది.

ఆవిడ అడిగిన అసలు ప్రశ్న దగ్గరికి రండి. అధికారిని పిలిచే మాట భాషకి పేరెలా అయింది? మీ క్లాసులో ఉన్నవాళ్ళకి అన్నిటికన్నా ఉపయోగపడేది ఇదే. లావోషీకి సంతోషం కలిగించేదీ ఇదే.

మింగ్, చింగ్ రాజుల కాలంలో చైనాలో ఒక నియమం ఉండేది. ఏ అధికారినీ సొంత రాష్ట్రంలో వేయకూడదు. చుట్టాలకీ పక్కాలకీ మేళ్ళు చేస్తాడని. దాంతో షాన్‌డోంగ్ మనిషి వెళ్ళి గ్వాంగ్‌డోంగ్‌లో కొలువు చేయాలి, అక్కడివాడు ఇంకో మూలకి పోవాలి. రాతలో అక్షరాలు ఒకటే, కాని నోటిమాట ఒకరిది ఒకరికి అర్థం కాదు. శ్రీకాకుళం మాటకీ చిత్తూరు మాటకీ ఉన్న తేడాలాంటిది కాదు, తెలుగుకీ కన్నడానికీ ఉన్నంత ఎడం. కాబట్టి అధికారులు తమలో తాము మాట్లాడుకోవడానికి ఒక ఉమ్మడి పలుకు పెరిగింది. దాన్ని చైనావాళ్ళే ‘గ్వాన్‌హ్వా’ అన్నారు. గ్వాన్ అంటే అధికారి, హ్వా అంటే మాట. అధికారుల మాట.

చైనాకి వెళ్ళిన యూరపు పాదిరీలు ఈ పేరు విన్నారు. తమ భాషల్లో చైనా అధికారిని మాండరిన్ అంటున్నారు కాబట్టి గ్వాన్‌హ్వాని ‘మాండరిన్ల భాష’ అని తర్జుమా చేసుకున్నారు. ఫ్రాన్సిస్కో వారో అనే స్పెయిన్ పాదిరీ ఈ భాషకి వ్యాకరణం రాస్తే అది 1703లో గ్వాంగ్‌జౌలో అచ్చయింది. దాని పేరులోనే ‘మాండరిన్ భాష’ అని ఉంది. అంటే, అమ్మా, మాండరిన్ అన్న పేరులో ధ్వని పరాయిదే గాని అర్థం మాత్రం అచ్చంగా చైనాది. తమ భాషకి తాము పెట్టుకున్న పేరే, వేరే బట్టలు కట్టుకుని ఇంగ్లీషులో తిరుగుతోంది. ‘ఈ మాండరిన్ ఎక్కడిది’ అన్న ఆవిడకి ఇంతకన్నా మంచి జవాబు నాకు తోచడం లేదు.

ఆ తరవాత పేర్లు మారుతూ వచ్చాయి. యోంగ్‌జెంగ్ చక్రవర్తి 1728లో, ఫూజియన్, గ్వాంగ్‌డోంగ్ అధికారుల మాట తనకి అర్థం కావడం లేదని, ఆ రెండు చోట్లా సరైన ఉచ్చారణ నేర్పే బడులు పెట్టించాడు. రాచరికం చివరి రోజుల్లో జాతి, దేశం అన్న ఆలోచనలు వచ్చాక అధికారుల మాట అన్న పేరు ఎవరికీ రుచించలేదు. జాతీయభాష అనే అర్థంలో ‘గ్వోయూ’ అన్నారు. తైవాన్‌లో ఇప్పటికీ అదే. 1955 నుంచి చైనాలో ‘పుతోంగ్‌హ్వా’, అందరి మాట, అన్నది అధికారికంగా నిలబడింది. మీ ఊళ్ళో చైనీయులు తమ జాతి పేరుతో ‘హ్వాయూ’ అంటారు. 1979లో సింగపూర్ ప్రభుత్వం ఇళ్ళల్లో హొక్కియెన్, టియోచ్యూ, కాంటొనీస్ బదులు దీన్ని మాట్లాడించడానికి పెద్ద ప్రచారమే మొదలుపెట్టింది. చూడండి, ఒకే భాషకి అధికారుల మాట, జాతి మాట, జనం మాట అని ఏ కాలం ఎవరిని పెద్దపీట వేసి కూచోబెట్టిందో వాళ్ళ పేరు పడింది. ఇంగ్లీషులో మాత్రం మొట్టమొదటి పేరు అలాగే ఉండిపోయింది.

పాఠానికి కావాల్సిన వాడుక సంగతులు కొన్ని. భాష పేరైతే మొదటి అక్షరం పెద్దది రాయించండి. చిన్న అక్షరంతో రాస్తే పాతకాలపు చైనా అధికారి అవుతుంది, లేదా బ్రిటన్ పత్రికల్లో వాళ్ళ పై స్థాయి ప్రభుత్వోద్యోగి అవుతుంది, లేదా పండవుతుంది. ఒత్తు మొదటి ముక్క మీద పడాలి. ‘నాకు చైనీస్ వచ్చు’ అన్నా తప్పు కాదు గాని, మీ సింగపూర్‌లో ఎదుటివాడు ‘ఏ చైనీస్?’ అని అడగొచ్చు, కాబట్టి అక్కడ మాండరిన్ అనడమే మంచిది. ఇంకొకటి: భాషాశాస్త్రంలో ఉత్తరాదిన, నైరుతిన మాట్లాడే యాసలన్నిటినీ కలిపి ఇప్పటికీ గ్వాన్‌హ్వా అనే అంటారు. సిచువాన్ యాస కూడా అందులోదే. లావోషీ ఇంట్లో మాట్లాడుకునే షాన్‌డోంగ్ యాసా అందులోదే. ఆ లెక్కన ఆయన పుట్టినప్పటి నుంచీ మాండరినే మాట్లాడుతున్నారు. ఇది విని నవ్వకుండా ఉండలేరు.

ఇంక ఆయనకి చెప్పే తీరు. పదిమందిలో చెప్పొద్దు. మనకి పరువు ఎలాగో వాళ్ళకి ‘మియెన్‌జ్’, ముఖం, అలాగ. దాని మీద దెబ్బ తగిలితే ఆ పెద్దాయన మర్యాదగా తల పంకిస్తారు, మరుసటి వారం నుంచి క్లాసుకి రారు. ముందు విడిగా మాట్లాడండి. మాట్లాడినప్పుడు కూడా ‘మీది తప్పు’ అన్న వాక్యం మీ నోట రానక్కర్లేదు. ఒక కాగితం తీసుకుని నాలుగు అంకెలు రాయండి: 1511, 1524, 1635, 1644. మొదటి రెంటి సంగతి మీరు చెప్పండి. చివరి రెండూ ఆయన్నే అడగండి, ‘మంచూ అన్న పేరు ఎప్పటిది, బీజింగ్ ఎప్పుడు పట్టుకున్నారు’ అని. తమ దేశ చరిత్ర ఆయనకి మీకన్నా నాకన్నా బాగా తెలుసు. బడిపంతులుగా జీవితమంతా పిల్లల చేత లెక్క తేలిపించిన మనిషి. ఆ లెక్క ఆయనే తేల్చుకుంటారు. తరవాత క్లాసులో ఆయన చేతే చెప్పించండి. పాత కథ ఎలా ఉండేదో, ఎందుకు నిలవలేదో ఆయన నోట వింటే మిగతావాళ్ళు జన్మలో మరిచిపోరు.

నేనెందుకు ఇంత జాగ్రత్త చెబుతున్నానంటే, ఇదే దెబ్బ నాకూ తగిలింది. ‘తెలుగు’ అన్న మాట ‘త్రిలింగం’ నుంచి వచ్చిందని చిన్నప్పుడు మా మాస్టారు చెప్పారు. కాళేశ్వరం, శ్రీశైలం, ద్రాక్షారామం, మూడు లింగాల నడిమి దేశం. ఒళ్ళు పులకరించేది. కాలేజీలో ఒకాయన, ‘అది సంస్కృత పండితులు తరవాత కట్టిన ముచ్చట, తెలుగు, తెలుంగు అన్న దేశి మాటే ముందుదని ఎక్కువమంది పరిశోధకుల అభిప్రాయం’ అని ఒక్క వాక్యంలో కొట్టిపారేశారు. ఆయన చెప్పినదాంట్లో సబబుందని ఒప్పుకోవడానికి నాకు ఏళ్ళు పట్టింది. అడ్డుపడింది ఆ విషయం కాదు, ఆయన కొట్టిపారేసిన తీరు. మా మాస్టారి మీద మరకేసినట్టనిపించింది. తన భాష పేరుకి అర్థం వెతుక్కునే మనిషి దాంట్లో తన వాళ్ళని చూసుకోవాలనుకుంటాడు. లావోషీ కథలో ఉన్నదీ అదే కోరిక. దాన్ని గౌరవించి చెప్పండి.

చెప్పి ఊరుకోకుండా, కొంత ఇచ్చి రండి. ఆయన భాషలోకి బౌద్ధం వెంట వెళ్ళిన మాటలు చాలా ఉన్నాయి. చైనాలో లిప్తకాలాన్ని ‘ఛానా’ అంటారు, అది మన క్షణం. మల్లెపువ్వుని ‘మోలి’ అంటారు, అది మల్లిక. తెలుగులో మల్లె. వాళ్ళు తాగే మల్లెపూల టీ పేరులోనూ ఆ మోలి ఉంది. ఒక మల్లె మొగ్గ చేతిలో పెట్టి మల్లె, మోలి అని రెండుసార్లు పలికి చూడండి, పాఠమంతా అందులోనే అయిపోతుంది. అటునుంచి మనకొచ్చినవీ చెప్పండి. ఉత్తర చైనా ‘ఛా’ నేలదారిన పారశీకం మీదుగా వచ్చి హైదరాబాదులో చాయ్ అయింది. ఫూజియన్ తీరపు ‘తే’ డచ్చి ఓడల్లో యూరపు పోయి, ఇంగ్లీషుతో మన దగ్గరికి టీగా వచ్చింది. మన ఇళ్ళల్లో రెండూ వాడతాం. ఒకే ఆకు రెండు దారుల్లో వచ్చి ఒకే గ్లాసులో పడింది.

ఒక్క హెచ్చరిక. ఈ ఉత్సాహంలో, చైనాని సంస్కృతంలో ‘చీన’ అనేవారనీ, చీనాంబరాలనీ చెప్పబోతారు. అంతవరకు ఫరవాలేదు. కానీ ఆ చీన శబ్దాన్నే పాత బౌద్ధ గ్రంథాల్లో చైనా అక్షరాలతో ‘జీనా’ అని రాశారు. ఆ రూపం తరవాత జపాన్ వాడుకలో, దురాక్రమణ రోజుల్లో, చైనీయుల్ని కించపరిచే మాటైపోయింది. ఇవాళ అది వాళ్ళకి తిట్టు. బోర్డు మీద రాయొద్దు, పలకొద్దు. మీకు ఇది చెప్పక్కర్లేకుండానే అర్థమవుతుంది. కళింగం నుంచి వచ్చిన ‘కెలింగ్’ ఒకప్పుడు మలక్కాలో మన తీరాల వర్తకుల గౌరవమైన పేరు. అక్కడ కంపుంగ్ క్లింగ్ మసీదు ఇప్పటికీ ఆ పేరుతోనే ఉంది. కానీ అదే మాట మీ వీధిలో ఎవరైనా మిమ్మల్ని అంటే ఎలా ఉంటుంది? మనకి కళింగం అంటే శ్రీకాకుళం, శ్రీముఖలింగం. అక్కడ అది చెంపదెబ్బ. మాటకి పుట్టుక ఎంత మంచిదైనా, దారిలో దానికి జరిగినదాన్ని చెరపలేం.

కొత్త సంవత్సరానికి పిలిచారని రాశారు కదా. వెళ్ళండి. అక్కడి ఆనవాయితీ మీకు తెలిసే ఉంటుంది, వట్టి చేతులతో వెళ్ళకూడదు, మాండరిన్ పండ్లు జంటగా రెండు చేతులతో ఇవ్వాలి. మన కమలాపండు జాతే. కాంటొనీస్‌లో ఆ పండు పేరూ బంగారం పేరూ ఒకలా పలుకుతాయి, అందుకని శుభం. చైనాలో వేల ఏళ్ళుగా పండుతున్న పండు అది. దాన్ని ఇంగ్లీషులో ‘మాండరిన్ ఆరెంజ్’ అంటారు. మొదటి మాట సంగతి ఈపాటికి మీకు తెలిసింది. రెండో మాట సంస్కృత ‘నారంగం’ నుంచి, పారశీకం, అరబ్బీ మీదుగా ‘నారంజ్’ అయి స్పెయిన్ చేరి, ఫ్రాన్స్ దాకా వెళ్ళేసరికి నకారం జారిపోయి ఆరెంజ్ అయింది. మన నారింజ. పండు వాళ్ళ తోటది, పేరులోని రెండు మాటలూ మన వైపు నుంచి వెళ్ళినవి, వాటిని కలిపి కుట్టింది యూరపువాళ్ళు.

ఆ రెండు పండ్లూ లావోషీ చేతుల్లో పెట్టి, ఆయన మీకు టీ పోసేదాకా ఆగి, అప్పుడు ఆ కాగితం తీయండి.